ఉడుంబాట

చిట్టా 1. భరణి కార్తె

పొద్దున్నే మంచువలలు పిండుతుంటే తొట్టి గంట మోగింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయని పాతవాళ్ళు అనేవారట. ఇప్పుడు భరణిలోనే పగులుతున్నాయి. ఎండ కొండ భుజం మీదికి రాకముందే వలల్లో పట్టిన తడి అంతా పిండి కుండలో పోసుకోవాలి, లేదంటే ఆ పూట గొంతు తడవదు. అయినా ఊరంతా వలలు వదిలేసి తొట్టి దగ్గరికి పరిగెత్తింది. నేను పరిగెత్తలేదు. ఏం కబురొచ్చిందో నాకు తెలుసు.

తీగ మీద జారుతూ వచ్చే ఆ తొట్టే మా బోడిమెట్టకి కాళ్ళు. బియ్యం, మందులు, చుట్టాలు, అన్నీ అందులోనే ఎక్కుతాయి, దిగుతాయి. తీగ తెగిన రోజున జనం దిగడానికి ప్రతి కొండ ఊరికీ ఒక కాలిదారి బతికుండాలని చట్టం. దారి బతికుందని చెప్పడానికి దాన్ని నడిచిన సాక్షి ఒకడుండాలి. సాక్షి లేని దారి చచ్చిన దారి. దారి చచ్చిన ఊరిని ఖాళీ చేయించి, జనాన్ని కింద సొరంగాల ఇళ్ళలోకి తోలేస్తారు.

మా దారి పేరు ఉడుంబాట. పడమటి ముఖాన నిట్టనిలువుగా ఉంటుంది, ఉడుంపట్టు ఉంటే తప్ప ఎక్కలేం. దానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి గవరయ్య. ఏటేటా ఉయ్యాలబల్ల మీద ఊగుతూనే "దారి బతికుంది" అని వేలిముద్ర వేస్తాడు. అందుకని ఊరి నీళ్ళలో మొదటి కుండ అతనిది, నీడపట్టున ఇల్లు అతనిది.

తొట్టిలో వచ్చిన తనిఖీ ఆవిడ తెచ్చిన కబురు ఇదీ: ఇక వేలిముద్ర చాలదు. రోహిణి రాకముందే సాక్షి కాలికి కడియం తొడుక్కుని కింద నుంచి పైదాకా నడవాలి. వెంట ఒక కొత్త సాక్షిని నడిపించాలి. వేసిన అడుగులన్నీ కడియంలో నిలుస్తాయి. నడవకపోతే ఊరు ఖాళీ.

ఎవరో ఫిర్యాదు పెట్టారట. "పెట్టిన సెయ్యి ఇరిగిపోనూ" అని పక్కింటావిడ దుమ్మెత్తి పోసింది. ఆ చెయ్యి అప్పుడు ఆమె పక్కనే తాపీగా వల పిండుతోంది.

చిట్టా 2. భరణి కార్తె

కొత్త సాక్షిగా నా పేరిచ్చాను. పోటీకి ఎవరూ రాలేదు. ఎక్కడ నీడుందో, ఎక్కడ రాయి వదులుగా ఉందో రాసి తనిఖీ వాళ్ళకివ్వాలి. అది వేరే రాస్తాను. ఇది నాది.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు గాలివానకి తీగ తెగింది. అప్పుడే ఊళ్ళో విషజ్వరం. అమ్మ పెద్ద కూతురు, మా అప్ప పైడి, ఈ గవరయ్య కింద మజిలీలో సరుకులెత్తే పనిలో ఉన్నారు. ఇద్దరూ మందుసంచి తీసుకుని ఉడుంబాట ఎక్కారు. పైకి గవరయ్య ఒక్కడే వచ్చాడు, సంచితో. "చీలిక దగ్గర తొందరపడి ఎడమకి తిరిగింది. లోయలో పడిపోయింది. వెతికినా లాభం లేదు" అన్నాడు. జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. మంచం పట్టిన పిల్లల నోట్లో మందు తనే పోశాడు. నా నోట్లో కూడా. అందుకని ఏటా మందురోజున నా చేతే అతనికి దండ వేయిస్తారు. తల వంచి వేయించుకుని నా తల నిమురుతాడు. ఇంటికొచ్చి బూడిదతో తల రుద్దుకునేదాన్ని.

కొండ నడిచేవాళ్ళకి ఒక ఆచారం ఉంది. దారిలో ఎవరైనా పోతే, పోయినచోట రాయి వెయ్యాలి. ఆ తర్వాత ఆ చోటు దాటిన ప్రతిసారీ వెయ్యాలి. అక్కడి రాయి ఏరి అక్కడే వేస్తే చెల్లదు. కింద ఏటిలోంచి మోసుకొచ్చిందే వెయ్యాలి. వెయ్యకుండా దాటితే పోయినవాళ్ళు వెనకాలే వస్తారంటారు. అందుకే కొండెక్కే ప్రతివాడి మొలసంచిలో ఒక ఏటిరాయి ఉంటుంది, తెల్లగా, నున్నగా.

ఆ రోజు మా అమ్మ అసిరమ్మ ఏడవకముందే అడిగిన మాట ఒక్కటే.

"రాయి ఎక్కడేసేవు?"

"ఎడం లోయ మొగన" అన్నాడు గవరయ్య.

వెతికేవాళ్ళతో అమ్మ కూడా వెళ్ళి చూసింది. అక్కడున్నది ఎర్రటి గరుకు కొండరాయి. ఏటిరాయి కాదు. ఆ మాట చెబితే, బిడ్డ పోయిన దుఃఖంలో ఏదో అంటోందన్నారు. అమ్మ మళ్ళీ ఊళ్ళో నోరెత్తలేదు. నాకు మాత్రం అన్నం ముద్దతో పాటు ఆ ఎర్రరాయి సంగతి పెట్టి పెంచింది.

పెద్దయ్యాక దొంగచాటుగా ఉడుంబాట దిగి వెతికాను, చాలాసార్లు. కొండ పెద్దది. అంచులు లోపలికి మడతపడి ఉంటాయి, పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. అప్ప ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడే, వాడేమో కొండెక్కడు. ఎక్కితే ఆ చోట రాయి వెయ్యాలి. వేస్తే చోటు తెలిసిపోతుంది. ఎన్ని అబద్ధాలు ఆడినా చచ్చినవాళ్ళ దగ్గర ఆడలేడు, అంత భయస్థుడు.

అందుకే ఫిర్యాదు పెట్టాను. ఊరు ఖాళీ అయితే అవనీ అనుకునే పెట్టాను.

చిట్టా 3. కృత్తిక కార్తె

సాయంత్రం గవరయ్య మా ఇంటికొచ్చాడు. మా గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో. మోకాలికి ఆకుకట్టు, చేతిలో బెల్లం పొట్లం. అమ్మ కందిపప్పులో రాళ్ళేరుతోంది.

"అసిరమ్మప్పా, నా మోకాలు సూడు ఎలాగుందో. నానెక్కలేను. మీ గుంట పేరిచ్చిందంట, తీసేసుకోమను. కొత్త సాక్షి దొరకనేదని సెప్పి గడువు అడుగుతాను."

"మోకాలికేటయినాది?" అంది అమ్మ తలెత్తకుండా.

"ఏటవుద్ది, ముసిలితనం."

"నా కూతురికి ముసిలితనం రానేదు గవరయ్యా. అదెలాగుంతాదో దానికి తెల్దు."

గవరయ్య మొహం చూడాలి. మింగలేడు, కక్కలేడు. బెల్లం పొట్లం అరుగు మీద పెట్టి లేచాడు. నేను గుమ్మం దాకా సాగనంపాను, మర్యాద తప్పకూడదు కదా.

"నూకాలూ, ఆ దారి మంచిది కాదే పిల్లా" అన్నాడు మెల్లగా.

"ఊరు కాళీ అయిపోతే నీ ఉయ్యాలబల్ల ఎక్కడ కట్టుకుంతావు మావా?" అన్నాను నవ్వుతూ.

మెట్టు దిగుతుంటే అమ్మ లోపల్నుంచి కేకేసింది. "గవరయ్యా, ఈసారి ఏటిరాయి మర్సిపోకు!"

అతని చెయ్యి దానంతటదే మొలకి పోయింది. అక్కడ సంచీ లేదు, ఏమీ లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఉత్తినే పుట్టలేదు.

బెల్లం చీమలకి వేశాను.

చిట్టా 4. కృత్తిక కార్తె, కింద మజిలీ

తొట్టిలో దిగాం. కింద గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టుంది. తనిఖీ ఆవిడ మా ఇద్దరి కాళ్ళకీ కడియాలు తొడిగింది. పైకి చేరాక విప్పి చూస్తారట. పడమటి ముఖాన కబుర్లు అందవు కాబట్టి, ఏదైనా అయితే మమ్మల్ని మేమే చూసుకోవాలని చెప్పి, తను తొట్టెక్కి పైకి పోయింది.

ఏరు ఎండి సన్నటి తడిగీతలా మిగిలింది. ఇద్దరం రాళ్ళు ఏరుకున్నాం. నేను దొరికినదాన్ని సంచిలో వేసుకున్నాను. గవరయ్య చాలాసేపు వెతికాడు. చివరికి నడుం చుట్టూ నల్లచార ఉన్న తెల్లరాయి తీసి, తాగేనీళ్ళలో కొన్ని పోసి కడిగి, కళ్ళకద్దుకున్నాడు. నీళ్ళు పోయినందుకు కాదు నాకు కడుపు మండింది. అంత శ్రద్ధగా ఎవరి కోసం ఏరుతున్నాడో తెలిసి మండింది.

నీళ్ళతిత్తి, తాడు నా దగ్గర. వయసులో చిన్నవాళ్ళు మొయ్యడం పద్ధతి.

చిట్టా 5. కృత్తిక కార్తె, గుహనీడ

ఎండ తగ్గేదాకా గుహలో ఆగాం. అతను గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను రాస్తున్నాను.

ఒప్పుకోవాలి, మనిషి నడక తెలిసినవాడు. దారి మొత్తం తుప్పలు కమ్మేశాయి. పాతకాలపు మెట్లు ఊడిపోయి పళ్ళు రాలిన నోరులా ఉంది. అయినా అతని పాదం ఎక్కడ పెట్టాలో అక్కడే పెడుతోంది. ఒకచోట నేను వదులురాయి మీద కాలేస్తే, "కాదమ్మీ, మడం కాదు, ముందు వేళ్ళు ఆన్సు" అని చెయ్యిచ్చి లాగాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకపోతే పడేదాన్ని. అతను మంచి నడకగాడు కావడం నాకు నచ్చలేదు. చేతకానివాడైతే, చేతకాక వదిలేశాడని అనుకోవడానికైనా వీలుండేది.

పైడి గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు.

అదే రోజు, ఇంకా వెలుగుండగా

మళ్ళీ బయల్దేరాక, మోడైపోయిన కరక్కాయచెట్టు ఉన్న మలుపు దగ్గర అతను ఆగాడు. "నువ్వు పద, సెప్పు వారు ఊడినాది" అన్నాడు. సరేనని మలుపు తిరిగి నిలబడ్డాను. గాలి లేదు. చిన్న చప్పుడు వినిపించింది, రాతి మీద రాయి పెట్టిన చప్పుడు. వెనక్కి తిరిగి చూడలేదు. అతను వచ్చేసరికి తిత్తి సర్దుకుంటున్నట్టు వంగి ఉన్నాను.

"పోదామేటి?" అన్నాడు. గొంతు తేలికపడింది. ఇన్నేళ్ళ బరువు దించుకున్నవాడి గొంతు.

అది ఎడమ లోయ కాదు. అసలు చీలికే ఇంకా రాలేదు.

చిట్టా 6. కృత్తిక కార్తె, చీలిక

పొద్దున చీలికకి చేరాం. ఎడమకి లోయ మొగ, కుడికి ఊరి దారి. అమ్మ చూసిన ఎర్రరాయి ఇంకా అక్కడే ఉంది.

"మావా, రాయి" అన్నాను. "అప్పకి రాయెయ్యవా?"

చెయ్యి మొలసంచిలోకి వెళ్ళి ఆగిపోయింది. సంచి ఖాళీ. అతను నన్ను చూశాడు, నేల చూశాడు, కాలి దగ్గర రాయి కోసం వంగబోయాడు.

"వొంగకు మావా. మోకాలు నొప్పెడతాది."

వంగినవాడు అలాగే కూలబడ్డాడు. నేను అడిగాను. "నిన్న సెట్టు కాడ ఎవులికేసేవు?"

అప్పుడు చెప్పాడు. ఆ మలుపులో అప్ప కాలు జారి కింది అంచు మీద పడింది. తొడ విరిగింది, ప్రాణం ఉంది. ఇతను పైనుంచి తాడు కిందికి దించాడు. సంచి ముందు లాగు, తర్వాత నన్ను లాగు అని అప్పే తాడుకి మందుసంచి కట్టింది. ఇతను సంచి లాగాడు.

"తరవాత?"

"పైడి బరువుకి నానూ పడిపోతానేమోనని బయమేసినాదే. ఊళ్ళో పిల్లలు సచ్చిపోతన్నారు. మందు ఇచ్చేసి మనుసుల్ని పంపుదామనుకున్నాను. ఒట్టు."

"పంపేవా?"

"పైకెల్లేసరికి నన్ను బుజాలకెత్తేసినారు. అందరూ మొక్కుతన్నారు. బతికున్నదాన్ని ఒగ్గేసి వచ్చేనని నోరు రానేదు. పడిపోనాదని సెప్పేసినాను. సెప్పేసినాక ఇంకేటి సేస్తాను?"

నేను ఆ మందు తాగి బతికాను. అప్ప కింద వింటూ ఉండి ఉంటుంది, తాడు మళ్ళీ ఎప్పుడు పడుతుందా అని. ఎడమ లోయలో మనుషులు అరుస్తూ వెతకడం కూడా విని ఉంటుంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఒకటే మంట.

"లే. ఎనక్కి నడు" అన్నాను.

మలుపులో దారి అంచున ఉంది అతని రాయి, నల్లచారతో. చెట్టు మొదలుకి తాడు కట్టి ముందు నేను దిగాను. అంచు లోపలికి గూడులా మడతపడి ఉంది. అక్కడుంది అప్ప. ముంజేతి ఎముకకి రాగి మురుగు, అమ్మ చేతికి ఉన్నలాంటి గాజే. పక్కన మూరెడు ఎత్తు రాళ్ళకుప్ప, చిన్నవి చిన్నవి, పొందిగ్గా పేర్చినవి. ఆమె చెయ్యి అందినంత మేరా నేల శుభ్రంగా ఉంది, ఒక్క గులకరాయి లేదు. అందినవన్నీ ఏరి పేర్చుకుంది. కుప్ప మీద తెల్లటి ఏటిరాయి. తను మోసుకొచ్చినదే.

తన రాయి తనే వేసుకుంది మా అప్ప. ఇంకెవరూ వెయ్యరని తెలిసిపోయింది.

నా రాయి కూడా దాని పక్కన పెట్టాను. అప్పుడొచ్చింది ఏడుపు.

పైకెక్కేసరికి గవరయ్య చేతులు జోడించుకుని కూర్చున్నాడు. "ఉందా?" అన్నాడు.

"ఉంది. నీ రాయి దారంచునేసేవు. సచ్చినోళ్ళ మీద పడనేదు. దిగి సరిగ్గా వెయ్యి."

నేను తొయ్యలేదు, బెదిరించలేదు. అది రాసి పెట్టుకుంటున్నాను. నల్లచార రాయి తీసుకుని తనంతట తనే తాడు పట్టుకుని దిగాడు. ఇన్నేళ్ళూ వెనకాల ఎవరో వస్తున్నట్టు బతికినవాడు మరి. కింద అతని ఏడుపు వినబడింది. నిజం ఏడుపే. నాకు జాలి కలుగుతుందేమోనని కాసేపు చూశాను. కలగలేదు.

"అయిపోనాది. లాగు నూకాలూ!"

"కడియం ఇప్పి తాడుకి కట్టు మావా. రాతికి ఒరుసుకుని పాడైపోతే ఊరి దారి పోతాది. అది ముందు లాగుతాను, తరవాత నిన్ను."

దారి అంచు మీంచి వంగి చూస్తే, గూట్లోంచి బయటికొచ్చి తల పైకెత్తి నన్నే చూస్తున్నాడు. తెలిసింది అతనికి. తెలిసినా ఏం చేస్తాడు? పైనున్న మనిషి మాట నమ్మడం తప్ప అక్కడ ఇంకో పని లేదు. అప్పకి కూడా లేదు. కడియం విప్పి తాడు కొసకి కట్టాడు.

లాగాను. చెట్టు మొదలుకున్న ముడి కూడా విప్పి, తాడు చుట్టి భుజాన వేసుకున్నాను.

"నూకాలూ! అమ్మీ! నీళ్ళయినా ఇయ్యే!"

"మా అప్పకి ఎన్నిచ్చేవు?"

రెండు మలుపులు దాటేదాకా వినబడుతూనే ఉంది గొంతు. చీలిక దగ్గర అతని కడియాన్ని ఎడమ లోయలోకి విసిరాను. కుడికి తిరిగాను.

చిట్టా 7. కృత్తిక కార్తె, బోడిమెట్ట

పొద్దు వాలకముందే ఊరు చేరాను. జనమంతా దారిమొగలో ఉన్నారు. నేనొక్కదాన్నే వచ్చాను.

"గవరయ్యేడీ?" అని తనిఖీ ఆవిడ అడిగింది.

"చీలిక దగ్గర తొందరపడి ఎడమకి తిరిగాడు. లోయలో పడిపోయాడు. వెతికినా లాభం లేదు."

అతను చెప్పినవే, మాట మారకుండా. ఇంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరు గుర్తుపడతారేమోనని మొహాలు చూశాను. అయ్యో అన్నారు, నమ్మేశారు. అప్పుడు కూడా ఇంత సులువుగానే నమ్మి ఉంటారు. గవరయ్య మీద ఉన్న కోపంలో కొంత వీళ్ళకి పంచాలనిపించింది. జనం చివర నిలబడ్డ మా అమ్మ ఒక్కతే చప్పున తలెత్తింది.

తనిఖీ ఆవిడ తూనీగ యంత్రాన్ని ఎడమ లోయలోకి పంపింది. కడియం కూత వినిపించింది, మనిషి మాత్రం దొరకలేదు, లోయ లోతు అలాంటిది. నా కడియంలో కింద నుంచి పైదాకా అడుగులున్నాయి, మధ్యలో వెనక్కి వేసినవి ఎవరూ లెక్కపెట్టలేదు. చీలిక దాకా అతనివీ ఉంటాయి, ఎవరైనా దిగి తెస్తే. కొత్త సాక్షి వచ్చింది, ఉడుంబాట బతికింది, ఊరు ఖాళీ చెయ్యక్కర్లేదు అని ఆవిడ చెప్పగానే జనం కేకలు పెట్టారు. ఎవరో నా మెడలో దండ వేశారు. నన్ను భుజాలకెత్తుకోబోతే దూరం జరిగాను. మొదటి నీళ్ళకుండ మా ఇంటికి పంపారు.

ఇంట్లో అమ్మ కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగేదాకా చూసి, తలుపు దగ్గరికి వేసి నా ఎదురుగా కూర్చుంది.

"రాయి ఎక్కడేసేవు?"

"పైడప్ప కాడ. కరక్కాయసెట్టు మలుపులో, కింది గూట్లో ఉందమ్మా." రాళ్ళకుప్ప సంగతి చెప్పాను. అమ్మ చేతికున్న రాగి మురుగు తిప్పుకుంటూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"గవరయ్యకి ఎక్కడేసేవు?"

"ఇంకా వెయ్యనేదు."

అమ్మ నా కళ్ళలోకి చూసింది. ఆ మాటకి అర్థం కొండ నడిచేవాళ్ళ ఇంట పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది. బతికున్నవాళ్ళకి రాయి వెయ్యరు. ఇప్పుడే లేచి గంట కొడితే, తాళ్ళతో మనుషులు ఆ మలుపు చేరేసరికి అతని గొంతు ఇంకా ఆగి ఉండదు. ఆ గంట కొట్టే హక్కు నాకన్నా ఆమెకే ఎక్కువ. కొడితే కొట్టనీ అని కూర్చున్నాను.

అమ్మ లేచి మంచం కిందనుంచి గుడ్డమూట తీసింది. అందులో ఏటిరాయి, ఎప్పటిదో, చేతుల్లో అరిగి మెరుస్తోంది.

"ఇది పైడికి. నానే ఏస్తాను, నన్నూ తీసుకెల్లు" అంది. మూట మళ్ళీ కట్టి, పప్పు చేట దగ్గరికి లాక్కుని రాళ్ళేరడం మొదలెట్టింది. "వాడికి ఇంకోటి కావాల కదా. తొట్టిలో దిగి ఏట్లో ఏరుకుందాం. రెండు రోజులు పోనీ. తొందరేటి నేదు."